వేపాకు చేదుగానే ఉంది

నిర్మలమ్మకు మొగుడి మీద ఉన్న పెద్ద ఫిర్యాదు ఏమిటంటే, ఫిర్యాదు చెయ్యడానికి ఏమీ దొరక్కపోవడం. వీధి కుళాయి దగ్గర ఆడవాళ్ళంతా తలా ఒక మొగుణ్ణి ఉతికి ఆరేస్తుంటే ఆమె మాత్రం బిందె పట్టుకుని ఉత్తినే నిలబడాల్సి వచ్చేది. శాంతయ్య తాగడు. అరవడు. పులుసు ఉప్పగా ఉంటే సంకటి ముద్ద ఇంకొంచెం పెద్దది చేసుకుంటాడు. పెళ్ళయిన కొత్తలో ఈ మనిషికి నోరుందో లేదో తేల్చుకుందామని ఆమె ఒకనాడు అసలు ఉప్పే వెయ్యకుండా పులుసు కాచింది. ఆయన మారుమాట లేకుండా తిని, చెయ్యి కడుక్కుని, ఆవుల దాణాలో కలిపే రాళ్ళుప్పు డబ్బా తెచ్చి పొయ్యి పక్కన పెట్టి వెళ్ళాడు. పాపం, ఇంట్లో ఉప్పు అయిపోయిందనుకున్నాడు.

"రాయికైనా కాలు తగిలితే ఠంగుమంటాది," అంటోంది ఆమె ఈ పొద్దు కూడా, కొట్టం ముందు పేడ ఎత్తుతూ. "నాలుగు దినాలుగా చెప్తా ఉండా, నా మంచం మీదనే కారతా ఉండాది, ఆ రేకు కొంచెం జరుపయ్యా అని. నువ్వు ఊ అంటావు. వాన పడతాది. నేను లేచి కూర్చుంటా. నువ్వు మళ్ళీ ఊ అంటావు."

"ఊ," అన్నాడు శాంతయ్య.

ఆయన సీమావు పొదుగు కింద గొంతుకూర్చుని ఉన్నాడు. బక్కెట్టు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, బొటనవేలు మడిచి లోపలికి పెట్టి, పిడికిలితో పిండే పద్ధతి ఆయనది. పసితనం నుంచీ అలా పిండీ పిండీ రెండు బొటనవేళ్ళ కణుపులూ రేగిపళ్ళంత లావున ఉబ్బి గట్టిపడిపోయాయి. మనిషి సన్నం. తలకు మంకీ టోపీ, ఒంటికి ఎవరో వాడి ఇచ్చిన స్వెట్టరు, కింద ఖాకీ నిక్కరు. నవంబరులో పలమనేరు చలికి పైసగం అంత జాగ్రత్తగా కప్పుకునే మనిషి మోకాళ్ళ కింది భాగం తనది కాదన్నట్టు వదిలేసేవాడు. సైకిలు తొక్కి తొక్కి ఆ పిక్కల మీద నరాలు పలుపుతాళ్ళలా పైకి తేలి ఉండేవి.

వాళ్ళ నాయన ఒక రైతు దగ్గర పశువులు కాశాడు. శాంతయ్య సొంతంగా రెండు ఆవులు కట్టుకుని ఊళ్ళో పాలు పోయడం మొదలుపెట్టాడు. వంశంలో జరిగిన అభివృద్ధి అంతా అంతే. ఆయన వెళ్ళిన అతి దూరం చిత్తూరు, అదీ ఆవుకు జబ్బు చేస్తే మందు కోసం. రోజూ పాలు పోసే వాడిక ఇళ్ళను మనుషుల పేర్లతో కాక గిన్నెలతో గుర్తు పెట్టుకునేవాడు. చెవి విరిగిన సత్తుగిన్నె ఇల్లు, మూత కుదరని టిఫిను డబ్బా ఇల్లు, అడుగు మాడిన ఇత్తడి తపేలా ఇల్లు. అద్దెకుండేవాళ్ళు ఖాళీ చేసి గిన్నెతో సహా వెళ్ళిపోతే రెండు మూడు రోజులు దిగులుగా ఉండేవాడు. పిల్లలు పుట్టలేదు. దాని గురించి కూడా ఆయన ఏమీ అనలేదు. నిర్మలమ్మ కుళాయి దగ్గర ఎవరికీ చెప్పుకోని సంగతి అదొక్కటే.

పాలు పిండడం అయింది. దూడ మొగమాటం లేకుండా అరుస్తోంది. ఇంకా తెల్లవారలేదు, మంచు కమ్ముకుని కొట్టానికి అవతల మేతకు వేసిన వేరుశనగ కట్టె వామి నల్లటి గుట్టలా కనబడుతోంది. శాంతయ్య వెళ్ళి, వామి అడుగున పొడిగా ఉన్నచోట చెయ్యి పెట్టి ఒక కట్ట లాగాడు.

లోపల బుస్సుమంది. కుక్కరు కూత పెట్టబోయే ముందు ఎగపోసే ఆవిరి లాంటి చప్పుడు. వాళ్ళింట్లో కుక్కరు లేదు కానీ వాడిక ఇళ్ళలో విన్నాడు. అది ఇక్కడ ఎందుకు వినబడుతోందా అని ఆయన తీరిగ్గా ఆలోచించబోయేలోగానే కుడి చీలమండ పైన నిప్పురవ్వ పడ్డట్టయింది.

ఒక్క అడుగు వెనక్కి వేశాడు. కట్టె కింద నుంచి లావుపాటి వెనక భాగం ఒకటి మెల్లగా లోపలికి జరిగిపోయింది. గోధుమరంగు ఒళ్ళు, దాని మీద గొలుసులో పెద్ద పూసల్లా వరసగా నల్లంచు మచ్చలు. ఇంత లావు, ఇంత పొట్టి. చిన్నప్పుడు అడవిలో పశువులు కాస్తూ ఇటువంటి ఒళ్ళే ఆయన చూశాడు.

"కొండచిలువ పిల్ల," అనుకున్నాడు. దూడకు కట్టె వేసి వచ్చి, తరువాత కూర్చున్నాడు.

అది కొండచిలువ పిల్ల కాదు. రక్తపింజర. మచ్చల వరస చూసి ఈ రెంటినీ పొరబడేవాళ్ళు ఆ చుట్టుపక్కల శాంతయ్యకు ముందూ ఉన్నారు. అది ఆయన కాల్లోకి దించిన విషం చూస్తే భయపడవలసినంత ఏమీ ఉండదు. కొన్ని చుక్కలు, ఆముదం రంగు. అందులో చాలావరకు నీళ్ళే. మిగిలినవి మాంసకృత్తులు, పప్పులోనూ పాలలోనూ ఉండేవాటికి దూరపు చుట్టాలు. కాకపోతే అవి ఊరికే ఒంట పట్టే రకం కాదు, తలా ఒక పని నేర్చుకుని వచ్చినవి. కొన్ని నెత్తుట్లో దూరి దాన్ని చిన్న చిన్న ముక్కలుగా పేరుకునేలా చేస్తాయి. కొన్ని రక్తనాళాల గోడలను లోపలి నుంచి కొరుకుతాయి. కండను కరిగించేవి ఉన్నాయి, చివరికి మూత్రపిండాల దాకా ప్రయాణం పెట్టుకునేవీ ఉన్నాయి. ఏదీ కంగారు పడదు. దీనికి విరుగుడు మందు పలమనేరు ఆసుపత్రిలో ఆ వేళ ఉంది. శాంతయ్య సైకిలు మీద రోజూ ఆ ఆసుపత్రి గేటు ముందు నుంచే వెళతాడు. ఆయన ప్రాణం ఆ పూట ఆ గేటు లోపలికి తిరగడం మీద ఆధారపడి ఉందని ఆయనకు తెలియదు.

కొండచిలువ పిల్ల కరిచిందని ఆయన చెప్పగానే నిర్మలమ్మ టార్చిలైటు తెచ్చి చూసింది. రెండు గాట్లు, వాటిలోంచి సన్నగా నెత్తురు. ఆమె టార్చి దించేలోగా ఇంట్లోంచి అక్కమ్మ వచ్చింది.

అక్కమ్మ శాంతయ్యకు తోడబుట్టిన అక్క. మొగుడు పోయినప్పటి నుంచీ తమ్ముడింట్లోనే ఉంటోంది. ఆ పేటలో ఎవరిని ఏది కరిచినా మొదట ఆమెకే కబురు వచ్చేది. మంత్రం వెయ్యడం ఆమెకు గిట్టదు, అది పాపమని పాస్టరు చెప్పాడు. ఆమె చేసేదల్లా కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసి, ఇన్ని వేపాకులు దూసి కరిచినవాళ్ళ నోట్లో పెట్టడం. చేదుగా ఉందంటే విషం ఎక్కలేదు, ఇంటికి పోవచ్చు. చేదు తెలియలేదంటే ఎక్కింది, పరుగెత్తండి. వేపాకును దేవుడే చేశాడు కాబట్టి ఇందులో పాస్టరుకు కూడా ఆక్షేపణ లేకపోయింది.

ఆమె దీన్ని గాలిలోంచి పట్టుకోలేదు. పెళ్ళయిన ఏడెనిమిదేళ్ళకు చెరుకుతోటలో ఆమె మొగుణ్ణి నాగుబాము కరిచింది. ఎవరో వేపాకు తినిపించారు. "తియ్యగా ఉండాదే" అన్నాడాయన, నాలుక మడతబడుతూ. రెప్పలు వాలిపోయాయి. పొద్దు కుంకేలోగా ఊపిరి నిలిచిపోయింది. తియ్యగా ఉందన్న ఆ మాటను అక్కమ్మ జీవితమంతా మోసింది. ఆ తరువాత ఆమె ఎంతోమందికి వేపాకు పెట్టింది. ఎలుకలు, జెర్రులు, నీరుకట్టెలు కరిచినవాళ్ళే ఎక్కువ కాబట్టి వాళ్ళందరికీ చేదుగానే ఉంది, అందరూ బతికారు. ఆమె పరీక్ష తప్పిందన్న మాట లేదు.

"నోరు తెరువు," అంది తమ్ముడితో.

శాంతయ్య తెరిచాడు. నమిలాడు. మొహం చిట్లించాడు.

"ఎట్లుండాది?"

"సేదు."

"గట్టి సేదా, అంతంత మాత్రమా?"

"గట్టి సేదేక్కా. ఇంక నీళ్ళియ్యి."

అక్కమ్మ రొమ్ము నిండా గాలి పీల్చుకుని వదిలింది. "పో, ఏం కాలేదు. కొండసిలవకి యాడిది ఇసం? దాని పండ్ల మురికికి కొంచెం వాస్తాది, అంతే."

"వదినా, ఒక్క తూరి ఆసుపత్రికి పోయొస్తే ఏం పోతాది?" అంది నిర్మలమ్మ. "సూది వేయించుకుని వచ్చేస్తాడు గదా."

"నేనేమన్నా వద్దంటినా? పోండి. డాక్టరమ్మ అడిగితే సెప్పండి, ఆకు సేదుగా ఉండాదని మేం ఇంటికాడనే సూసుకున్న్యామని. ఆయమ్మా అదే సెప్తాది." అక్కమ్మ చేతిలో మిగిలిన ఆకులను దూడ వైపు విసిరింది. వద్దనడంలో అది ఆమె పద్ధతి.

శాంతయ్య ఇద్దరి మొహాలూ చూశాడు. ఇద్దరు ఆడవాళ్ళు రెండు మాటలన్నప్పుడు మధ్యలో దొరికే సందులోంచి జారుకోవడం ఆయనకు ఇరవై ఏళ్ళ అలవాటు. "పాలు పోసేసి, అట్లనే ఆసుపత్రికి పోయొస్తాలే," అన్నాడు. పాత పంచె గుడ్డ కాలికి చుట్టుకుని, క్యాన్లు రెండూ సైకిలుకు తగిలించాడు.

దారిలో నొప్పి మోకాలి దాకా వచ్చింది. ఎడమ కాలితో ఎక్కువ తొక్కుతూ, కుడి కాలిని తిరగనిస్తూ పోయాడు. సత్తుగిన్నె ఇంట్లో పోశాడు, టిఫిను డబ్బా ఇంట్లో పోశాడు. చీలమండ కనబడకుండా పోయింది. వాపు మీద చర్మం కడిగిన వంకాయలా నిగనిగలాడుతోంది. గుడ్డ తడిసి బరువెక్కింది. విప్పి పిండుకుని మళ్ళీ చుట్టుకున్నాడు.

ఇత్తడి తపేలా ఇల్లు చంద్రకాంతమ్మది. భర్త కాలేజీలో లెక్కల మేష్టరు. ఆమె డిగ్రీ చదివి, ఆ చదువును ముఖ్యంగా పాలలో నీళ్ళు పసిగట్టడానికి వాడేది. శాంతయ్య పాలలో ఎప్పుడూ నీళ్ళుండవని ఆమెకు తెలుసు. ఏదో ఒకటి అనకపోతే తెల్లారినట్టుండదని అంటుందంతే.

"ఏం శాంతయ్యా, మీ ఆవు కూడా వానలో తడిసిందా? పాలు కొంచెం పలచగా ఉన్నట్టున్నాయి."

శాంతయ్య నవ్వాడు. అప్పుడు చూసింది ఆమె, గేటు దగ్గర నుంచి మెట్ల దాకా ఎర్రటి చుక్కలు. మెట్టు మీద ఆయన నిలబడ్డచోట చిన్న మడుగు.

"అయ్యో, కాలికి ఏమయింది?"

"ఏదో కరిసిందమ్మా."

"ఏదో అంటే? దానికి పేరు లేదా?"

కొండచిలువ అంటే ఆమె గాభరా పడుతుందని ఆయనకు అనిపించింది. "ఎలకమ్మా."

చంద్రకాంతమ్మ లోపలికి వెళ్ళి గుప్పెడు కాఫీ పొడి తెచ్చి గాటు మీద అద్దింది. నెత్తురు కాఫీ పొడిని కూడా తడుపుకుని కిందికి దిగింది. ఇంకాస్త అద్దింది. అదీ దిగింది. మెట్టు మీది మడుగు అంతసేపయినా తడి ఆరలేదు, అంచు కట్టలేదు. ఆమె దాని వంక కొంచెంసేపు చూసింది, ఏదో గుర్తు రావలసి ఉండి రానట్టు.

"నాకు బాగా అనిపించట్లేదు," అంది. "ఎలక కరిస్తే ఇంత పోతుందా? ఇక్కడ నుంచి నేరుగా ఆసుపత్రికి పో. మిగతా ఇళ్ళవాళ్ళు ఈ పూట నల్ల టీ తాగుతారు. చావరు."

"పోతానమ్మా."

"పోతానమ్మా కాదు, పోతున్నానమ్మా అను."

"పోతా ఉండానమ్మా," అన్నాడు శాంతయ్య. ఆయన మలుపు తిరిగేదాకా ఆమె గేటు దగ్గరే నిలబడింది. సైకిలు ఆసుపత్రి వైపే తిరిగింది. ఆమె నిశ్చింతగా లోపలికి వెళ్ళి మెట్లు కడిగింది.

పోతా ఉండానన్న మాటలో శాంతయ్య అబద్ధమాడలేదు. ఆసుపత్రి గేటు ముందు సైకిలు ఆపాడు, దిగాడు కూడా. ఓపీ వరండాలో చాంతాడంత వరస ఉంది. పసిబిడ్డల్ని ఎత్తుకున్న తల్లులు, దగ్గుతున్న ముసలివాళ్ళు, చెయ్యి విరిగి గుడ్డతో మెడకు కట్టుకున్న ఒకడు. క్యానులో ఇంకా పాలున్నాయి, ఎండ ఎక్కితే విరుగుతాయి. ఇంతమందిని దాటుకుని పోయి, ఏం కరిచిందని అడిగితే ఏం చెప్పాలి? కొండచిలువ పిల్ల అంటే నవ్వుతారు. ఎలక అంటే వరసలో నిలబడమంటారు. నాలుక మీద వేపాకు చేదు ఇంకా అలాగే ఉంది. చప్పరించి చూసుకున్నాడు. ఉంది, గట్టిగానే ఉంది. అక్క ఎప్పుడు తప్పింది గనక?

సైకిలు ఎక్కి, మిగిలిన పాలు పోయడానికి పోయాడు.

ఇంటికి వచ్చేసరికి ఎండ బాగా ఎక్కింది. "పోయినావా?" అని నిర్మలమ్మ అడిగింది. "ఊ," అన్నాడు. ఆ ఊ కు అర్థం పోయినాననా, గేటు దాకా పోయినాననా అని విడదీసి అడగాలని ఆమెకు తోచలేదు. సూది వేస్తే ఆ మాత్రం నలతగా ఉంటుందిలే అనుకుంది. ఆయన నులకమంచం మీద కాలు చాపుకుని పడుకున్నాడు. ఆయన పగలు పడుకోవడం ఆ ఇంట్లో పండగ రోజుల్లో కూడా జరగలేదు. అక్కమ్మ వచ్చి తొడ దాకా వాచిన కాలి మీద పసుపూ సున్నం కలిపి పట్టు వేసింది.

మధ్యలో ఒకసారి లేచి కొట్టం వెనక్కి వెళ్ళాడు. ఒంటికి వెళితే కాఫీ డికాషను లాంటి నీళ్ళు పడ్డాయి. నిలబడి వాటిని చూశాడు. నోట్లో ఉప్పగా ఉంటే ఊశాడు. ఎర్రగా ఉంది. కాలితో మట్టి తోసి రెండూ కప్పేసి, వచ్చి పడుకున్నాడు. చెబితే ఇద్దరూ మళ్ళీ వాదులాడుకుంటారు.

నిర్మలమ్మ సంకటి పెట్టింది. ఆయన లేచి కూర్చుని ఒక ముద్ద పులుసులో ముంచి నోట్లో పెట్టుకున్నాడు. మింగుడు పడక, సగం ముద్ద తీసి కంచం అంచున పెట్టాడు. రాగిముద్ద నలుపు మీద పళ్ళు దిగినచోటల్లా ఎర్రటి చారలు.

ఆమె ఆ ముద్దను చూసింది. ఆయన నోటి వంక చూసింది. పళ్ళ సందుల్లో నెత్తురు, పెదవి మూలన నెత్తురు. పొద్దున కట్టిన గుడ్డ కింద చూస్తే గాటు ఇంకా ఊరుతూనే ఉంది.

"యో. నువ్వు ఆసుపత్రికి పోలేదు గదా?"

శాంతయ్య కంచం పక్కకు జరిపాడు.

"పోలేదు," అంది ఆమె తనే. ఇంకేమీ అడగకుండా, కాలికి చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి పరుగెత్తింది. ఆమె ఆటో తెచ్చేలోగా అక్కమ్మ మళ్ళీ ఇన్ని వేపాకులు తెచ్చింది. ఈసారి ప్రార్థన చెయ్యడం మర్చిపోయింది.

"నమలు నాయనా. ఎట్లుండాది?"

శాంతయ్య నెత్తుటితో కలిపి ఆకు నమిలాడు. అక్క మొహం చూసి, ఆమెకు కావలసినదేదో తన దగ్గర ఉన్నందుకు సంతోషంగానే చెప్పాడు. "సేదుగానే ఉండాదక్కా. నువ్వేం దిగులు పడొద్దు."

ఆసుపత్రిలో డాక్టరు నందిని చిన్నపిల్ల, చదువు ముగించి వచ్చి ఏడాదయినా కాలేదు. పాము ఎట్లా ఉందని అడిగింది. లావుగా, పొట్టిగా, గొలుసు మచ్చలని శాంతయ్య చెప్పేసరికి ఆమె చేతుల వేగం పెరిగింది. ఆయన మోచేతి నుంచి కొంచెం నెత్తురు తీసి, కొత్త గాజు గొట్టంలో పోసి, ఎవరూ కదిలించవద్దని కిటికీ గట్టు మీద నిలబెట్టింది. తరువాత సెలైను సీసాలో మందు కలిపించి చేతికి ఎక్కించింది.

ఇరవై నిమిషాలు కాగానే గొట్టం తీసి వెలుతురులో పక్కకు వంచింది. నెత్తురు చులాగ్గా పక్కకు జారింది.

"గడ్డ కట్టి ఉండాల్సింది," అంది నిర్మలమ్మతో. "మీరు పాలవాళ్ళు కదమ్మా, మీకు సులువుగా తెలుస్తుంది. నెత్తుట్లో కూడా తోడు లాంటిది ఒకటుంటుంది. దెబ్బ తగిలినచోట అది పేరుకుని నెత్తుటిని ఆపుతుంది. ఈ పాము విషం ఆ తోడునంతా అక్కర్లేని చోట్ల, ఒళ్ళంతా చిటికెడు చిటికెడు పేరబెట్టి అవగొట్టేస్తుంది. అవసరమైన చోటికి ఇంక మిగలదు. అందుకే పళ్ళలోంచీ గాటులోంచీ కారుతోంది."

"ఇప్పుడు మందు ఎక్కిస్తా ఉండారు గదమ్మా?"

"మందు విషాన్ని పట్టుకుంటుంది. అయిపోయిన తోడును మాత్రం ఒళ్ళే మళ్ళీ తయారు చేసుకోవాలి. దానికి కొన్ని గంటలు పడుతుంది. అప్పటిదాకా లోపల ఎక్కడా నెత్తురు కారకుండా ఉంటే చాలు." ఆమె గొట్టాన్ని మళ్ళీ కిటికీలో పెట్టింది. "పొద్దున్నే తీసుకొచ్చి ఉంటే బాగుండేది."

గోడకు ఆనుకుని నిలబడ్డ అక్కమ్మ ముందుకు వచ్చింది. "ఆకు సేదుగా ఉండాదమ్మా. పొద్దున ఉండాది, ఇప్పుడు గూడా ఉండాది. ఇసం ఎక్కింటే సేదు తెలవదు గదా. మా ఇంటాయనకి తెలవలేదు."

"ఆయన్ని ఏది కరిచింది, పెద్దమ్మా?"

"నాగుబాము."

డాక్టరు ఆమె వైపు తిరిగింది. "నాగుబాము విషం నరాల మీద పని చేస్తుంది. రెప్పలు వాలతాయి, నాలుక మొద్దుబారుతుంది. ఇది నెత్తుటి దారిన పోతుంది, నాలుక జోలికి రాదు. మనిషి పోయేదాకా చేదు చేదుగానే ఉంటుంది."

అక్కమ్మ తిరిగి గోడ దగ్గరికి పోయింది.

మధ్యాహ్నం వాలింది. సీసా ఒకటి అయిపోయి ఇంకొకటి తగిలించారు. శాంతయ్య మెలకువగానే ఉన్నాడు. పక్క మంచం రోగికి బంధువులు తెచ్చిన గిన్నెను కాసేపు పరిశీలించాడు. సాయంత్రం పాలు ఎవరు పిండాలని నిర్మలమ్మ ఆందోళన పడుతుంటే, "ఎర్రావు నీకు ఇస్తాది. సీమావు ఇయ్యదు, దానికి చెవి కాడ గోకాల," అన్నాడు. ఆయన ఒక్క ఊపున అన్ని మాటలు మాట్లాడటం ఆమె ఎరగదు.

ఎండ కిటికీ దిగి నేల మీదికి వచ్చే వేళకు ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"నిర్మలా," అన్నాడు. "తలకాయ నొప్పిగా ఉండాది. తట్టుకునే దానికి కాలేదు."

పక్కింటి ఆడవాళ్ళు మొగుళ్ళ నోట రోజూ వినే మాట ఇది, వినీ వినీ విసుక్కునే మాట. ఆమె మంచం అంచు పట్టుకుని లేచి, నర్సమ్మా అని పిలుస్తూ వరండాలోకి పోయింది. డాక్టరు పరుగున వచ్చి ఆయన రెప్పలు ఎత్తి టార్చి వేసింది. ఒక కంటిపాప పెద్దది, ఒకటి చిన్నది. తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకుపోవాలని చెప్పి వ్యాను కోసం మనిషిని పంపింది. శాంతయ్య నిద్రపోతున్నట్టే ఉన్నాడు. గురక కూడా వచ్చింది. గురక ఆగాక, వ్యాను గేటులోకి వచ్చింది.

డాక్టరు ఆయన నాడి చూసి, చెయ్యి కింద పెట్టింది. తలలో నెత్తురు పోయిందని మాత్రం చెప్పి, సీసా సూదిని తనే తీసి, ఆ చోట దూది పెట్టి వేలితో నొక్కి పట్టింది. ఇంక నొక్కవలసిన పని లేదు. అయినా పట్టుకుని నిలబడింది. తరువాత ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది.

బయట ఇంకా వెలుతురు ఉంది. పాలు పిండే వేళ. నిర్మలమ్మ కొంగు తడిపి ఆయన కాలి మీది పసుపూ సున్నం పట్టును మెల్లగా తుడుస్తోంది. పట్టు కింద చర్మం నల్లగా కమిలి ఉంది. అక్కమ్మ గోడ దగ్గర నుంచి కదిలి కిటికీ దగ్గరికి వెళ్ళింది. గాజు గొట్టాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, డాక్టరు చేసినట్టే పక్కకు వంచింది. నిలబెట్టింది. మళ్ళీ వంచింది.

"తప్పు నాది, నిర్మలా," అంది.

నిర్మలమ్మ తుడుస్తూనే ఉంది.

"నువ్వు పొద్దున్నే ఆసుపత్రికి పోదామంటివి. పోండని నోటితో అనింటిని గాని, నేనే పోనియ్యలేదు. ఒకడు సచ్చిపోతా సెప్పిన మాట పట్టుకుని అందరికీ అదే అనుకున్న్యా. వాడు నా మీద నమ్మకంతో గేటు కాడికి పోయి తిరిగొచ్చినాడు. తప్పు నాది. ఇంకెవురిదీ గాదు."

నిర్మలమ్మ తల ఎత్తింది.

"ఆ గొట్టం కింద పడేస్తావు వదినా," అంది. "ఆడ పెట్టు."

అక్కమ్మ దాన్ని తీసిన చోటనే పెట్టింది. కిటికీ గట్టు మీద, వాలుతున్న ఎండలో, గాజు గొట్టం అడుగున శాంతయ్య నెత్తురు ఆమె వంచిన కుదుపుకు ఇంకా కొంచెం ఊగుతూ, మెల్లగా మట్టానికి వచ్చి నిలిచింది.